మంగలి షాపు కచేరీ

పోయిన ఉగాదికి ముందు ఒక ఆదివారం సాయంత్రం, పండుగ కార్యక్రమం ఎలా ఉండాలో మాట్లాడుకోవడానికి పదిమందిమి ఒకరి ఇంట్లో చేరాం. పకోడీలు అయ్యాయి, టీలు అయ్యాయి. పిల్లల నృత్యాలు ఎన్ని, సినిమా పాటలు ఎన్ని, తలకి ఎన్ని నిమిషాలు అన్న లెక్క కూడా తేలింది. అప్పుడు నేను, "ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లలో నాటక పద్యాలు పాడగలవాళ్లు ఉన్నారు, వాళ్లకొక అరగంట ఇద్దాం" అన్నాను. ఒక మిత్రుడు నవ్వుతూ, "డాక్టరుగారూ, ట్రాకు లేకుండా, రిహార్సలు లేకుండా తలా ఒక పద్యం ఎత్తుకుంటే అది మంగలి షాపు కచేరీ అవుతుందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ వ్యాసం ఆ నవ్వు గురించి. అందులోనూ ముందు నా నవ్వు గురించి.

ఆ మిత్రుడు చెడ్డవాడు కాడు. నలుగురికీ సాయపడే మనిషి. అయితే ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. తాను వేళాకోళానికన్న ఆ కచేరీ నిజంగా జరిగేది. మా తాతయ్య షాపులో జరిగేది. మా తాతయ్య క్షురకుడు. తెనాలికి దగ్గరలో ఒక ఊళ్లో, బస్సులు ఆగే చోట ఆయనకొక షాపు ఉండేది. నేను సింగపూరు వచ్చి పదేళ్లు దాటింది. ఈ ముక్క అచ్చులో మాట దేవుడెరుగు, నోటితో కూడా ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకి "మా తాతగారు సంగీతం మనిషండీ" అని తప్పించుకునేవాణ్ణి. అది అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజంతో పదేళ్లు నెట్టుకొచ్చినవాడు ఇతరులను నిలదీయబోతే ముందు తన లెక్క ఒప్పజెప్పాలి. ఒప్పజెప్పిన తరవాతే మీ లెక్క అడుగుతాను.

షాపంటే గొప్పదేమీ కాదు. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బల్ల, గోడకి వెంకటేశ్వరస్వామి పటం, కత్తి నూరే తోలుపట్టీ, ఒక రేడియో, మూలన హార్మోనియం. పొద్దున్నంతా పని. మధ్యాహ్నం రెండు దాటాక బేరాలు పలచబడేవి. అప్పుడు ఒక్కొక్కరే వచ్చేవారు. రైసుమిల్లు గుమాస్తా, బడిపంతులు, మగ్గం దిగి వచ్చిన నేతపనివాడు, రిక్షా పక్కన పెట్టి వచ్చిన అతను. వాళ్లలో గడ్డం గీయించుకోవలసినవాళ్లు సగమే.

పాడేవి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను, చిలకమర్తి వారి గయోపాఖ్యానం. కృష్ణుడి వేషానికి పీసపాటి నరసింహమూర్తి గారా, షణ్ముఖి ఆంజనేయరాజు గారా అని వాదులాట. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట. వాళ్లంతా తెల్లవార్లూ నేలమీద కూర్చుని కంట్రాక్టు నాటకాలు చూసినవాళ్లు. ఏ పద్యం ఏ నటుడు ఏ రాగంలో ఎత్తుకుంటాడో నోటికి తెలిసినవాళ్లు.

ఈ తరం పాఠకుల కోసం ఒక సంగతి చెప్పాలి. రంగస్థల పద్యానికి తాళం లేదు. ఉత్పలమాల అయినా శార్దూలమైనా ఆ వృత్తం నడకే దాని నడక. పాడేవాడు ముందు మాట విడమరచాలి, అర్థం తెగిన చోట ఆగాలి, చివరకు వచ్చాక ఊపిరి ఉన్నంతవరకు రాగం తీయాలి. హార్మోనియం వెనకాలే వస్తుంది. కాబట్టి గొంతుకంటే ముందు కావలసింది అర్థం. ఎక్కడ విరవాలో తెలియనివాడి నోట్లో పద్యం చచ్చిపోతుంది. షాపులో పంతులు అర్థం చెప్పేవాడు, తాతయ్య శ్రుతి చూసేవాడు, గుమాస్తా పాడేవాడు. ఎక్కడైనా తప్పితే కుర్చీలో సబ్బునురగ మొహంతో ఉన్నవాడు కూడా "మళ్లీ ఎత్తు" అనేవాడు. నాటకాల్లో వన్స్ మోర్ అంటే మెచ్చుకోలు. మా షాపులో అది శిక్ష.

తాతయ్యకి శ్రుతి షాపులో అబ్బింది కాదు. వాళ్ల నాన్నది సన్నాయి, అన్నది డోలు. చిన్నప్పుడు తాతయ్య పని శ్రుతి పట్టడం. పెళ్లిపందిట్లో గంటల తరబడి ఒకే స్వరం. ఆ స్వరం ఆయన చెవిలో చచ్చేదాకా మోగుతూనే ఉంది.

ఇంట్లోనూ అదే బాణీ. పొద్దున్నే మమ్మల్ని పేరు పెట్టి లేపేవాడు కాదు. ఒక పద్యం మూడు పాదాలు పాడి ఆపేసేవాడు. నాలుగో పాదం పక్కమీద నుంచే ఎవరు అందుకుంటే వాళ్లకి మొదటి అట్టు. నాయనమ్మ అలిగితే శ్రీకృష్ణతులాభారం పద్యం ఎత్తుకునేవాడు. ఆవిడ వంటింట్లోంచి "చాల్లే సంబడం, ముందు ఉప్పు పట్టుకురా" అనేది. అలక మాత్రం తీరేది. నాకు సంధులు, సమాసాలు బళ్లో రాలేదు, ఆ పద్యాల్లో వచ్చాయి. నేను ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాదిలో మణికట్టులోని ఎనిమిది ఎముకల పేర్లు పదేపదే వల్లిస్తుంటే విని, ఇంగ్లీషు ముక్క రాని ఆ మనిషి వాటిని ఒక నడకలో కూర్చి నాచేత పాడించాడు. ఈనాటికీ నేను మణికట్టు ఎక్స్‌రే చూస్తే ఆ వరసలోనే చూస్తాను.

ఇదండీ మంగలి షాపు కచేరీ. ఇందులో నవ్వవలసింది ఏమిటో ఎవరైనా చెప్పండి.

ఒకసారి లోకం సంగతి చూద్దాం. క్షురశాలకీ పాటకీ ఉన్న చుట్టరికం మన ఒక్కరిదే కాదు. పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లండులో వంతు కోసం కూర్చున్నవాళ్లు వాయించుకోవడానికి షాపులో సిటర్న్ అనే తంత్రీవాద్యం ఉంచేవారు. అమెరికాలో బార్బర్‌షాప్ సంగీతమని ఒక పద్ధతే ఉంది. వాద్యం లేకుండా నలుగురు నాలుగు స్థాయిలలో ఒకేసారి పాడతారు. ఒకడు అసలు వరస పట్టుకుంటే, ఒకడు పైన, ఒకడు మధ్యన, ఒకడు అట్టడుగున. మనది ఒకరి తరవాత ఒకరు అందుకునే పాట, వాళ్లది నలుగురూ కలిసి పట్టే పాట. అంతవరకే తేడా. పని లేని మధ్యాహ్నం, పాడాలన్న మనసు, తప్పితే సరిదిద్దే పక్కవాడు, ఇవి రెండు చోట్లా ఒకటే.

ఆ పాటకు అమెరికాలో జరిగింది మనం వినదగిన కథ. పందొమ్మిదో శతాబ్దం చివర దాన్ని వీధి మలుపుల్లో, క్షురశాలల్లో పాడి పెంచినవాళ్లలో నల్లవారు ముఖ్యులు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు కుర్రతనంలో న్యూ ఆర్లియన్స్ వీధుల్లో అలా నలుగురితో కలిసి పాడినవాడే. 1938లో ఓక్లహోమా రాష్ట్రం టల్సా పట్టణంలో ఓవెన్ క్యాష్, రూపర్ట్ హాల్ అనే ఇద్దరు ఆ సంగీతాన్ని కాపాడాలని ఒక సంఘం పెట్టారు. సంఘం బాగా పెరిగింది. కాని 1941లో న్యూయార్క్‌లో గెలిచిన నల్లవారి బృందాన్ని ఆ సంఘమే జాతీయ పోటీకి రానివ్వలేదు. నల్లవారికి సభ్యత్వపు తలుపు తెరిచింది 1963లో. ఆ పాట పుట్టుకలో నల్లవారి పాత్ర ఎంతో లిన్ అబ్బాట్ అనే పరిశోధకుడు 1992లో సాక్ష్యాలతో రాసేదాకా చాలామందికి పట్టనే లేదు. పాటను నెత్తిన పెట్టుకుని పాడినవాణ్ణి గుమ్మం బయట ఉంచడమంటే ఇదే.

వాళ్లను తప్పు పట్టడం తేలిక. మనమేం చేశాం? సన్నాయి లేనిదే పెళ్లి లేదు, దేవుడి ఊరేగింపు లేదు. దాని పేరే మంగళవాద్యం. తాళి కట్టే క్షణాన గట్టిమేళం మోగకపోతే పెళ్లి జరిగినట్టే కాదు. ఆ మోగించినవాడు మాత్రం పందిట్లో ఒక మూలన కూర్చునేవాడు, అందరూ తిన్న తరవాత తినేవాడు. ఏడాదంతా చేసిన చాకిరీకి కల్లంలో కొలిచిన గింజలు తెచ్చుకునేవాడు. వాడి ఊపిరి శుభం, వాడి పేరు తిట్టు. మా ముత్తాత సన్నాయి ఎన్ని వందల పెళ్లిళ్లకు మోగిందో, ఆ పందిళ్లలో ఒక్క శుభలేఖ మీదైనా ఆయన పేరు పడలేదు. ఇక్కడ సింగపూరులో మన పెళ్లిళ్లకు మేళం పిలుస్తున్నాం. పెళ్లి వీడియోలో మామయ్యలు, బాబాయిలు, కేటరింగువాడు కూడా పేర్లతో కనిపిస్తారు. వాయించినవాళ్ల పేరు ఏదీ? ఎవరైనా అడిగారా?

వైద్యుణ్ణి కనక ఇంకొక సిగ్గు కూడా చెప్పుకోవాలి. మా వృత్తి చరిత్రలో క్షురకుడికి పెద్దపీట ఉంది. ఇంగ్లండులో 1540లో క్షురకులను, శస్త్రవైద్యులను కలిపి ఒకే సంఘం చేశారు. వాళ్లు విడిపోయింది 1745లో. బ్రిటన్‌లో నేటికీ సర్జన్లను డాక్టరని కాకుండా మిస్టరని పిలిచే ఆచారం ఆ రోజుల నుంచి వచ్చిందే, దాన్ని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తుపాకీ గాయాలమీద మరిగే నూనె పోసే పద్ధతిని తప్పని చూపించిన ఫ్రెంచివాడు అంబ్రాజ్ పారే క్షురక వైద్యుడిగానే మొదలైనవాడు. కాలేజీలో ఆయన పేరు భక్తిగా రాసుకున్నాను. మన పల్లెల్లోనూ సెగగడ్డ కోసిందీ, పుండుకు కట్టు కట్టిందీ క్షురకుడే, పురుళ్లు పోసింది చాలాచోట్ల వాళ్ల ఆడవాళ్లే. తమిళులలో ఆ కులానికి మరుత్తువర్ అన్న పేరుంది, అంటే వైద్యుడనే. మా నాయనమ్మ చేతులమీద ఎంతమంది పుట్టారో ఊరికి తెలుసు. పారే గారిని గోడమీద పటం కట్టి, తాతయ్యను సగం నిజం కింద దాచిన నన్ను ఏమనాలి?

ఇక అసలు తప్పు. 2019లో తాతయ్య రెండు నెలలు మా దగ్గర ఉండి వెళ్లాడు. ఎనభై దాటిన మనిషి, చేతులు వణుకుతున్నాయి, తన గడ్డం తాను గీసుకోలేడు. సెరంగూన్ రోడ్డు పక్కసందులో ఒక షాపుకి తీసుకెళ్లాను. అతను తంజావూరు వైపు తమిళుడు. ఇద్దరికీ కలిసిన భాష లేదు. తాతయ్య కుర్చీలో కూర్చుని అతని చెయ్యి ఆడే తీరు చూస్తూ అలవాటుగా కల్యాణిలో ఒక త్యాగరాజ కీర్తన కూనిరాగం తీశాడు. అతను కత్తి ఆపి నవ్వి, రెండో వరస అందుకున్నాడు. వాళ్ల మేనమామ తవిలు వాయిస్తాడట. తెలుగు రాని మనిషి నోట తెలుగు కీర్తన తప్పు లేకుండా వస్తోంది. తెలుగువాణ్ణి, నాకు రాదు. బల్లమీద వంతుకు కూర్చున్న ఒక బంగ్లాదేశ్ కూలీ మోకాలిమీద తాళం వేస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాను.

లేచేటప్పుడు డబ్బివ్వబోతే అతను పుచ్చుకోలేదు. సైగలతో తాతయ్య తన వృత్తి చెప్పేశాడు కాబోలు. తమ వృత్తివాడి దగ్గర తాము కూలి తీసుకోమన్నాడు. సాటి వైద్యుడి దగ్గర ఫీజు పుచ్చుకోకూడదన్న మర్యాద మాకూ ఉంది. అది మాదే అనుకునేవాణ్ణి.

ఆ రాత్రి నలుగురు తెలుగువాళ్లు మా ఇంటికి భోజనానికి రావాలి. దారిలోనే చెప్పాను, "తాతయ్యా, వాళ్ల ముందు షాపు సంగతి ఎత్తకు." ఆయన నా మొహం చూసి "అట్టాగేరా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. భోజనాలయ్యాక అతిథి ఒకాయన, "తాతగారూ, మీరు పద్యాలు బాగా పాడతారటగా, ఒకటి వినిపించండి" అన్నారు. "గొంతు బాగాలేదండీ" అన్నాడు. అప్పటిదాకా రోజూ పొద్దున్నే రెండేళ్ల మా అమ్మాయి పక్కన కూర్చుని మూడు పాదాలు పాడి ఆపేవాడు, అది వచ్చీరాని మాటలతో ఏదో కలిపేది. మర్నాడు పొద్దున్న దాన్ని పేరు పెట్టి లేపాడు. వెళ్లేదాకా అంతే. 2021లో పోయాడు. ఆ మిగిలిన పాదం నాకు ఎవరూ ఇప్పించలేరు.

ఇప్పుడు మీరు అనబోయే మాటలు నాకు తెలుసు.

"ఇక్కడ కులం ఎవడు చూస్తున్నాడండీ?" అంటారు. చూడకపోతే కొత్తగా వచ్చినవాణ్ణి ఊరు, ఇంటిపేరు, ఫలానావాళ్లు ఏమవుతారు అని మూడు మెట్లలో ఎందుకు తడుముతాం? చూడని చోట నేను పదేళ్లు దాచుకోవలసిన అవసరం ఏమొచ్చింది? పిరికితనం నాది, ఒప్పుకుంటాను. పిరికితనానికి చలి పెట్టే గాలి మాత్రం మనందరిదీ.

"అది సరదా మాట, నానుడి" అంటారు. వృత్తి పేరును తిట్టుగా వాడుకోవడం మన భాషకు అలవాటైపోయింది కనకనే అది సరదాగా వినిపిస్తుంది. మావాళ్లు తమను నాయీబ్రాహ్మణులని పిలవమంటారు. ఆ పాత పదాన్నీ, దానికి తోకలు తగిలించిన మరికొన్ని మాటలనూ కించపరచడానికి వాడకూడదని 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఉత్తర్వు దాకా వెళ్లిన మాట సరదా ఎలా అవుతుంది? ఈ వ్యాసానికి ఆ పేరు పెట్టింది అది మన నోట్లోంచి వచ్చిన మాట కాబట్టి, మనకే తిరిగి చూపించడానికి.

"అయితే కులవృత్తులు నిలబెట్టమంటావా?" అని ఎవరైనా అడగవచ్చు. ఎంతమాత్రం కాదు. మా నాన్నను తాతయ్య ఒక్కనాడు కత్తి ముట్టుకోనివ్వలేదు, హార్మోనియం మాత్రం ముట్టుకోనిచ్చాడు. ఏది వదలాలో, ఏది అందించాలో ఆయనకు తెలుసు. వదలవలసింది పుట్టుకతో అంటగట్టిన చాకిరీ, అందించవలసింది విద్య. మనం తలకిందులుగా చేస్తున్నాం. చిన్నచూపును భద్రంగా విమానం ఎక్కించి తెచ్చుకున్నాం, పాటను విమానాశ్రయంలో వదిలేశాం.

"పద్యాలు ఎవరు వింటారండీ, పిల్లలకు విసుగు" అంటారు. పిల్లల మీద నెపం పెట్టకండి. నాలుగు నిమిషాల ట్రాకుకు పెదవులు కదిపి దిగిపోవడం మనం నేర్పింది. ట్రాకు ఎవరి తప్పునూ సరిదిద్దదు, ఎవరి కోసమూ ఆగదు. తాత ఆగుతాడు. ఆయన ఆగిన చోటే పిల్లవాడికి మాట దొరుకుతుంది. విజిట్ పాసు మీద వచ్చిన పెద్దవాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, చేతికి టీవీ రిమోటు ఇచ్చి, పిల్లలను మాత్రం తెలుగు క్లాసుకు పంపుతున్నాం. బావి ఇంట్లో పెట్టుకుని నీళ్లకు ఊరిమీద పడ్డట్టుంది.

"ఫ్లాట్లలో పాడితే పక్కవాళ్లు ఏమంటారు?" అన్నది చివరి మాట. మా బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో మలయ్ వాళ్ల పెళ్లికి కొంపాంగ్ డప్పులు మోగుతాయి. చీనావాళ్ల చావుకి మంత్రాలు, గంటలు మోగుతాయి. ఎవరూ ఎవరినీ చూసి సిగ్గుపడరు, వేళ మీరకుండా చూసుకుంటారు, అంతే. పగటిపూట ఒక ముసలాయన పాడే పద్యానికి లేచి వచ్చే పొరుగువాడు నాకు ఇంతవరకు తగలలేదు. మనం జంకేది పొరుగువాడి చెవికి కాదు, సాటి తెలుగువాడి నోటికి.

కనక నా మనవి మూడు ముక్కల్లో చెప్తాను. ఒకటి, ఆ మాట మన సమావేశాల్లో మళ్లీ వినపడకూడదు. వినపడితే నేను ఈసారి నవ్వను, లేచి మాట్లాడతాను. రెండు, మన పెళ్లికి గాని, పండుగకు గాని వాయించడానికి వచ్చినవాళ్ల పేర్లు అడిగి, ఆహ్వానపత్రంలో, కార్యక్రమ పత్రంలో వేద్దాం, పంక్తిలో మనతోపాటు కూర్చోబెట్టి భోజనం పెడదాం. మూడు, రాబోయే ఉగాదికి అరగంట ఇవ్వండి. ట్రాకు వద్దు, పోటీ వద్దు, బహుమతులు వద్దు. ఒక బల్ల, ఒక హార్మోనియం, చుట్టూ పెద్దవాళ్లు, వాళ్ల పక్కనే పిల్లలు. ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకుంటారు. తప్పితే మళ్లీ ఎత్తుతారు. ఆ అంశానికి "తాతయ్య షాపు" అని పేరు పెట్టండి.

మొన్న మా అమ్మాయి బళ్లో వంశవృక్షం వెయ్యమన్నారు. "నాన్నా, ముత్తాత ఏం పని చేసేవారు?" అని అడిగింది. ఈసారి మొత్తం చెప్పాను. అది ఒక గడిలో కత్తెర బొమ్మ, దాని పక్కనే హార్మోనియం బొమ్మ వేసింది. ఏది ముందు వెయ్యాలన్న అనుమానం కూడా దానికి రాలేదు.

తాతయ్య హార్మోనియం ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. రెండు మెట్లు పలకడం లేదు, బాగుచేయిస్తున్నాను. ఆదివారాలు మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా తలుపు తీసే ఉంటుంది. మీ ఇళ్లలో ఉన్న పెద్దవాళ్లను తీసుకురండి. మూడు పాదాలు పాడి ఆగేవాళ్లు వస్తే, నాలుగోది అందుకోవడానికి మా అమ్మాయి కాచుకుని ఉంది.